ఎడమ పెట్టె, కుడి పెట్టె

ఆ ఆదివారం పొద్దున పళ్ల డాక్టరుగారింట్లో అనుకున్న పని ఒక్కటే. షాపతను రెండు యాంప్లిఫయర్లు తెస్తాడు. ఒకటి ట్రాన్సిస్టర్లది, ఒకటి పాతకాలం పద్ధతిలో గాజు ట్యూబులది. రెండూ విని ఒకటి ఉంచుకోవాలి. ఇంత చిన్న పనికి ఇల్లు దద్దరిల్లాల్సిన అవసరం లేదు. కానీ డాక్టరుగారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. వారమంతా జనం నోళ్లలో డ్రిల్లు పెట్టి, ఆ కీచుమనే మోతకు చెవులు చిల్లులు పడ్డాయని ఆయన బాధ. ట్యూబుల ధ్వని వెచ్చగా, మెత్తగా ఉంటుందని ఎక్కడో చదివి, అది లేకపోతే బతుకే లేదన్నట్టు ఇంట్లోవాళ్ల ప్రాణం తీస్తున్నారు.

అసలు చిక్కు స్పీకర్లతో వచ్చింది. అవి మామగారివి, నడుమెత్తు చెక్క పెట్టెలు. ఆయన పోయాక కొడుకూ కూతురూ పంతాలకు పోయి చెరొకటి పట్టుకుపోయారు. ఎడమది చెల్లెలికి, అంటే డాక్టరుగారి భార్యకి; కుడిది అన్నగారికి. చెప్పుల జతలో చెరొకటి పంచుకునే తెలివి అది! అప్పటినుంచి రెండిళ్లలోనూ ఏ పాటైనా సగమే వినబడుతోంది. డాక్టరుగారు బతిమాలగా బతిమాలగా, "సరే, పట్టుకొస్తాను. కలిపి విందాం. బాగుంటే అప్పుడు చూద్దాం" అని అన్నగారు మెత్తబడ్డారు. ఎలాగైనా ఆ కుడి పెట్టె ఈ ఇంట్లో ఉండిపోవాలి. డాక్టరుగారి ఆశంతా దాని మీదే.

అన్నగారు లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. మనిషి భారీ, మాట నిదానం. విన్న ప్రతి మాటనీ అన్ని అంతస్తుల్లోనూ ఆపి చూసుకుని గానీ బుర్రలోకి ఎక్కించుకోరు. జోకు చెబితే మర్నాడు నవ్వుతారని ఆఫీసులో ఆయనకు ట్యూబ్‌లైట్ అని పేరు పెట్టారు. ఆ మాట వింటే ఆయనకు ఒళ్లు మండిపోతుంది.

పెట్టె మోసుకుంటూ ఆయన మెట్లెక్కి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. లోపల డాక్టరుగారు అటు తిరిగి, ఫోన్లో షాపతని మీద అరుస్తున్నారు.

"ట్యూబు సంగతి నాకు తెలీదంటావా? బండ బరువు! పొద్దున లేపితే టీ తాగేదాకా వెలగదు. ఊరికే వేడెక్కిపోతుంది. అయినా తప్పదయ్యా, నాకదే కావాలి. ఇంట్లో పెట్టుకుని భరిస్తాను!"

అన్నగారు గుమ్మం దాటి లోపలికి వచ్చారు. పెట్టె దించారు. కూర్చున్నారు. చెల్లెలిచ్చిన మంచినీళ్లు తాగారు. గ్లాసు బల్ల మీద పెట్టారు. అప్పుడు లేచి నిలబడ్డారు.

"భరిస్తావా? నన్ను నువ్వు భరిస్తావా?"

డాక్టరుగారు బిత్తరపోయారు. "బావగారూ, మిమ్మల్నెవరన్నారండీ? నేనన్నది ట్యూబుని!"

"విన్నావా చెల్లెమ్మా? నా మొహం మీదే మళ్లీ అన్నాడు!"

"అయ్యో, ట్యూబంటే మీరు కాదు. ట్యూబంటే ట్యూబే!"

"మూడోసారి!"

సరిగ్గా అప్పుడే షాపతను రెండు అట్టపెట్టెలతో గుమ్మంలో ప్రత్యక్షమై, "ట్యూబ్ వచ్చేసింది సార్! ఎక్కడ కూర్చోబెట్టమంటారు?" అని హుషారుగా అడిగాడు.

"వచ్చింది బాబూ, వచ్చి చాలాసేపైంది. కూర్చుని లేచింది కూడా!" అని గర్జించారు అన్నగారు. "ఊరంతా చాటాడన్నమాట. ఆఖరికి షాపువాళ్లకి కూడా!"

"నోరు మూసుకోండి!" అన్నారు డాక్టరుగారు. రోజంతా నోరు తెరవమని జనాన్ని బతిమాలే మనిషి, ఆ మాట అనడం ఆయన జీవితంలో అదే మొదటిసారి కావచ్చు.

ఇక చెల్లెలికి కోపం వచ్చింది. ఆవిడకు రావడమంటూ వస్తే మిగతా ఇద్దరి కోపాలూ దిగదుడుపే. "ఇద్దరూ ఆపండి! బాబూ, నువ్వు వైర్లు కలుపు. వినకుండా ఈ గదిలోంచి ఎవరైనా కదిలారో, మర్యాద దక్కదు!"

షాపతను గబగబా పెట్టెలు రెంటికీ ట్యూబుల యాంప్లిఫయరు తగిలించి స్విచ్చి వేశాడు. గాజు గొట్టాల్లో ఎర్రగా నిప్పు రాజుకోసాగింది. చెల్లెలు వాళ్ల నాన్న రికార్డు చేసిన టేపు తాలూకు సీడీ, రెండిళ్లలోనూ ఒక్కో కాపీ ఉన్నది, పెట్టింది. పిల్లల చిన్నప్పుడు చెరో మైకూ ముందు పెట్టి ఆయన తీసినది అది. ట్యూబులు ఇంకా వేడెక్కుతున్నాయి, ధ్వని లేదు. అన్నగారు మాత్రం బాగా వేడెక్కారు.

"నా పెట్టె నేను పట్టుకుపోతా!" అంటూ వంగి వైరు పట్టుకున్నారు.

"పీకకండి సార్!" అని షాపతను కేక వేశాడు. "స్పీకరు లేకుండా ఆన్‌లో ఉంటే యాంప్లిఫయరు తగలబడిపోతుంది! ముందు స్విచ్చి ఆపాలి!"

చెల్లెలు వెళ్లి స్విచ్చికి అడ్డంగా నిలబడింది. "ఆపండి చూద్దాం."

డాక్టరుగారు రెచ్చిపోయారు. "బావగారూ, జతని విడదీసేవాడు మనిషేనా? ఎక్కడైనా ఉండనీండి, రెండూ ఒక్క చోటే ఉండాలి! అదీ న్యాయం!"

అప్పుడు ధ్వని వచ్చింది. ఎడమ పెట్టెలోంచి మామగారు ఏదో జోకు చెబుతున్నారు. పెద్ద గొప్ప జోకేమీ కాదు. ఎడమ పెట్టెలో చిన్నపిల్ల కిలకిలా నవ్వింది. తర్వాత నిశ్శబ్దం. ఎవరో దగ్గారు. ఇంకా నిశ్శబ్దం. ఉన్నట్టుండి కుడి పెట్టెలో ఒక పిల్లవాడు పడీపడీ నవ్వాడు. వాడి మైకు దగ్గరికే వంగి తండ్రి, గొంతు నిండా ముద్దుతో, "హమ్మయ్య! నా ట్యూబ్‌లైటు వెలిగింది!" అన్నారు.

అన్నగారు పట్టుకున్న వైరు వదిలేశారు.

"మా ఇంట్లో ఈ నవ్వూ, ఈ మాటా మాత్రమే వినబడతాయి," అన్నారు అన్నగారు. "జోకు వినబడదు. ట్యూబ్‌లైటు వెలిగిందంటే కరెంటు పోయి వచ్చిందేమో అనుకున్నానే ఇన్నాళ్లూ."

"మా ఇంట్లో జోకూ, నా నవ్వే," అంది చెల్లెలు. "నువ్వసలు నవ్వలేదనుకుని నీ మీద కోపం అన్నయ్యా నాకు."

అన్నగారు కూర్చున్నారు. కాసేపు గోడకేసి చూశారు. తర్వాత భుజాలు కదిలాయి. ఆ పాత జోకుకి ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా మళ్లీ నవ్వారు.

"బావగారూ," అన్నారు అన్నగారు కళ్లు తుడుచుకుంటూ, "మీరన్నదే నిజం. రెండూ ఒక్క చోటే ఉండాలి."

"అదీ మాట!" డాక్టరుగారి కోపం చప్పున దిగిపోయింది. "మాట తప్పకూడదు మరి!"

"తప్పను. యాంప్లిఫయరు కూడా ట్యూబుదే బాగుంది. ఏమంటావు చెల్లెమ్మా?"

"ఇన్నాళ్లకి నన్నడిగినవాళ్లు ఒకరున్నారు!" అని భర్త వైపు కొరకొరా చూసింది ఆవిడ. "నాకూ ఇదే నచ్చింది. ఎక్కడుంటే అక్కడికొచ్చి వింటాను."

"మరి కారు దగ్గరికి దించేయనా సార్?" అన్నాడు షాపతను.

వద్దనుకున్న ట్రాన్సిస్టరుది వెనక్కి పట్టుకుపోతానంటున్నాడనుకున్నారు డాక్టరుగారు. "ఇంకా అడుగుతావేంటయ్యా? దించెయ్!" అని లోపలికి పోయి, అలమారలోని సీడీలన్నీ ఒక్కొక్కటే ఏరడంలో మునిగిపోయారు.

చేతుల నిండా సీడీలతో ఆయన బయటికి వచ్చేసరికి హాలు ఖాళీగా ఉంది. ఎడమ పెట్టె ఉండే చోట నేల మీద చతురస్రంగా దుమ్ము మిగిలింది. కింద కారులోంచి భార్య గొంతు వినబడింది: "ట్యూబులది అన్నయ్యే కొనేసుకున్నాడు! రెండు పెట్టెలూ వాళ్లింట్లో సర్దిచ్చి సాయంత్రం వస్తాను!"

డాక్టరుగారు దుమ్ముకేసి చూశారు, కిటికీలోంచి చూశారు, చేతుల్లోని సీడీలకేసి చూశారు.

ఆయనకు వెలిగేసరికి కారు వీధి మలుపు తిరిగింది.