పసుపు గుడ్డ కప్పిన తొట్టి

ఆ శనివారం పొద్దున దామోదరం అనుకున్నది చిన్న పనే. సాయంత్రం ఐదింటికి బండి వచ్చేలోగా ముప్పై పాత సెల్‌ఫోన్లు పోగుచెయ్యాలి. పాత ఫోన్లు చెత్తలో పడి నేలను పాడుచెయ్యకుండా ఒక సంస్థ తీసుకుని, ముప్పైకి ఒక వినికిడి యంత్రం ఇస్తుందట. చిత్తూరులో చెవిటి పిల్లల బడి నడుపుతున్న స్టెల్లా, కాలేజీలో ఆయన దగ్గర చదువుకున్న పిల్ల, ఈ సంగతి చెప్పింది. ఈసారి వంతు ఏడేళ్ళ లోహితది. వారమంతా తిరిగితే దొరికినవి మూడు. తక్కినవి ఆయన ఊరైన కాణిపాకంలో బీరువాల్లో పట్టుచీరల కింద భద్రంగా ఉన్నాయి.

అరుగు మీద ప్లాస్టిక్ తొట్టి పెట్టి, దుమ్ము పడకుండా, పోయిన భార్య పూజగదిలో మడిచి ఉంచిన పసుపు గుడ్డ కప్పి, తాడుతో బిగించి, చిన్న చీలిక కోశాడు. ఆ మూడూ అందులో వేసి, ముప్పై కావాలని ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. ఎదురింటి అరుగు మీద పూలు కడుతున్న వరదమ్మ అది చూసింది.

తాగుడు మానాలన్నా, పేకాట మానాలన్నా సామి పేరున ప్రమాణం చేయించే ఊరది. దామోదరం స్నానం చేసి వచ్చేసరికి తొట్టి ముందు కర్పూరం వెలుగుతోంది. వరదమ్మ మొగుడు మునిచంద్ర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంక రీల్స్ సూడనని ఒట్టేసి లోపల ఏసేసినాడు సార్. మీరే ఫోన్లు మానినంక ఈయనకేం రోగం?" అంది వరదమ్మ.

"అయ్యో, ఇది హుండీ కాదమ్మా! తీసి ఇచ్చేస్తాను."

"సామికిచ్చింది తీస్తే కండ్లు పోతాయి!"

మధ్యాహ్నానికి వీధిలోని ఆడవాళ్ళంతా తమ మగవాళ్ళను వెంటబెట్టుకొచ్చారు. తొట్టిలో పదకొండు మంచి ఫోన్లు వంతులవారీగా మోగుతున్నాయి. ఆటో నడిపే ఓబయ్య అరుగు కింద కూలబడ్డాడు. "నా బేరాలన్నీ దాంట్లోనే ఉండాయి సార్. ఒక్కసారి చెయ్యి పెట్టండబ్బా!"

ఎవరికీ ధైర్యం చాలలేదు. నాలుగింటికి వచ్చిన స్టెల్లా చీలికలోంచి తొంగిచూసి గుండె పట్టుకుంది. "సార్, ఇవన్నీ మంచివి! బండి ఎక్కితే పొడి చేసేస్తారు. పాతవి మూడే ఉండాయి... లోహితకు ఏం చెప్పేది?"

అంతలో వరదమ్మే పరుగున వచ్చింది, జుట్టు రేగి.

"సార్, ఆయన ఫోను ఆయనకు ఇచ్చేయండి. ముప్పై ఏండ్లుగా పూలు కడతా ఉండా. ఈ పొద్దు ముడి ఎట్లా ఎయ్యాల్నో నాకు నేర్పిస్తా ఉండాడు!"

వెనకాలే ఇంకో పదిమంది. ఒకామె మొగుడు పోపులో ఆవాలు ఎక్కువయ్యాయన్నాడట.

"మరి కండ్లు?" అన్నాడు దామోదరం నెమ్మదిగా.

వరదమ్మ తొట్టికి దండం పెట్టుకుంది. "ఒకటికి మారుగా మూడు పాతవి ఇస్తే సామి ఒప్పుకోడా సార్? మూలన పడుండేవి మా ఇంట్లోనే నాలుగుండాయి."

బీరువాలు తెరుచుకున్నాయి. బండి వచ్చేసరికి తొట్టిలో ముప్పై ఆరు పాత ఫోన్లు. మంచివి తిరిగి మగవాళ్ళ చేతుల్లోకి వెళ్ళాయి. వీధిలో పదకొండు కాపురాలు నిశ్శబ్దంగా ఉన్నాయి.

నెల తిరిగాక లోహిత చెవికి యంత్రం పెట్టుకుని, స్టెల్లాతో కలిసి ఆ వీధికి వచ్చింది. దామోదరం కళ్ళు చెమర్చాయి. వరదమ్మ, మునిచంద్ర ఇద్దరూ ఒకేసారి ఆ పిల్లతో మాట్లాడటం మొదలుపెట్టి, ముందు ఎవరు మాట్లాడాలనే దాని మీద తగువులోకి దిగారు. లోహిత రెండు నిమిషాలు శ్రద్ధగా వింది. తర్వాత యంత్రం శబ్దం కొంచెం తగ్గించుకుంది.