ఎండిన బోరు కచేరీ

శుక్రవారం పొద్దున ఓబుళేసు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉరవకొండకు పోవడం, నెట్ సెంటర్‌లో తన సంగీతాన్ని బెంగళూరుకు పంపడం, బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ తినడం, పెళ్లాం చెప్పిన రంగు దారాలు కొనుక్కుని ఇల్లు చేరడం. ఇందులో చెడిపోవడానికి ఏముంది? ఓబుళేసూ అదే అనుకున్నాడు, పాపం.

ఆ సంగీతం సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత నన్ను తిట్టుకుంటారు. దానికి మాటల్లేవు, తాళం లేదు, రాగం అసలే లేదు. పాడుబడ్డ చోట్లలో ఉండే భయాన్ని చెవిదాకా తెచ్చే సంగీతమది. డార్క్ ఆంబియంట్ అంటారట. ఊళ్లో సెల్‌ఫోన్లు బాగుచేసుకునే ఓబుళేసుకు ఆ పిచ్చి ఎట్లా అంటుకుందో దేవుడికే తెలియాలి. తమ చేలో ఎండిపోయిన బోరులోకి తాడు కట్టి మైకు దించి, లోపల గాలి తిరిగే చప్పుడు పట్టాడు. మూతబడిన నూనె మిల్లు గేటు కిర్రుమనడం పట్టాడు. గుట్ట మీది గాలిమరల హోరు పట్టాడు. అన్నిటినీ సాగదీసి ఒకదాని మీద ఒకటి పరిచి, ఒక మెమరీ కార్డులోకి ఎక్కించాడు. వాళ్ల నాయన కుళ్లాయప్ప ఒకసారి విని, "ఇది పాటనా, ఎనుముకు కడుపునొప్పా?" అని అడిగి లేచిపోయాడు.

పెళ్లాం పుష్పావతి అట్లా ఎగతాళి చేసే మనిషి కాదు. కానీ ఆమె కుట్టుమిషన్ వరండాలో దుమ్ము కొట్టుకుంటూ ఉంది, ఇంట్లో ఉన్న ఒక్క అదనపు గదీ మొగుడి వైర్లతో నిండిపోయింది. దయ్యాల గేములు చేసే బెంగళూరు కంపెనీ ఒకటి ఓబుళేసు సంగీతాన్ని రెండుసార్లు వద్దన్నాక ఆమె తీర్పు చెప్పేసింది.

"ఈసారి గూడా వద్దన్యారంటే గది నాది. నీ వైర్లన్నీ మూటగట్టి అటక మీదేస్తా. ఒప్పుకున్యారంటే, మల్ల జన్మలో గది మాటెత్తను. సరేనా?"

సరేనన్నాడు ఓబుళేసు. గది పోతే తన సంగీతం కూడా పోయినట్టేనని ఇద్దరికీ తెలుసు.

ఇక రెండో కార్డు సంగతి. వేరుశనగ బుడ్డలు ఊరే కాలం వస్తే అడవిపందులకు పండగ. అందుకని ఆ పక్క రైతులు మనిషి అరుపులు రికార్డు చేసి, చేలో చిన్న మైకు కట్టి, రాత్రంతా మళ్లీ మళ్లీ మోగిస్తారు. గురువారం సాయంత్రం ఓబుళేసు వాళ్ల నాయనను గదిలో కూర్చోబెట్టి ఆ అరుపులు రికార్డు చేశాడు. కుళ్లాయప్ప పళ్లెం మీద గరిటెతో కొడుతూ మొదలుపెట్టాడు గానీ, కాసేపటికి నిజంగానే పంది ఎదురుగా నిలబడినట్టు లీనమైపోయాడు.

"హోయ్! వచ్చినావా? నువ్వొస్తావని నాకు తెలుసు. పిల్లల్ని గూడా పిలుచుకోనొచ్చినావా? రా, ఈడే ఉండా. పోయినేడు తప్పించుకున్యావు. ఈసారి యాడ దాంకున్యా వాసన పట్టేస్తా." తర్వాత ఆగి, తీరిగ్గా వక్క నమిలి, దగ్గి, మళ్లీ పళ్లెం అందుకున్నాడు.

రెండు మెమరీ కార్డులూ నల్లటివే, ఒక్క సైజువే. ఓబుళేసు తెలివిగా నాయన కార్డు మీద కాస్త కుంకుమ బొట్టు పెట్టి, రెండింటినీ కిటికీలో ఉంచి, "బొట్టుండేది నీది నాయనా" అని చెప్పి, ఎవరిదో ఫోను ఇచ్చి రావడానికి పోయాడు. సందెదీపం పెట్టడానికి పుష్పావతి వచ్చింది. కొత్త పలుగుకైనా, కొత్త మోటారుకైనా బొట్టు పెట్టనిదే పనికి దించని ఇల్లు అది. ఒకదానికి బొట్టుండి రెండోది బోసిగా ఉండటం ఆమె ప్రాణానికి ఒప్పలేదు. గది కావాలని ఉంది గానీ, మొగుడు ఓడిపోవాలని మాత్రం లేదు. రెండోదానికీ బొట్టు పెట్టి, కళ్లకద్దుకుని పోయింది.

కుళ్లాయప్ప వచ్చి బొట్టున్న కార్డు ఒకటి తీసుకుని చేనికి పోయాడు. మోకాలెత్తున పైకి లేచిన ఎండిన బోరు పైపు కనబడితే, చప్పుడు ఇంకా పెద్దదవుతుందని మైకు బూరను దాని నోట్లోకి వంచి కట్టాడు. కార్డు పెట్టి, పైన గడ్డి కప్పి, బటన్ నొక్కాడు. ఏమీ వినపడలేదు. ఓబుళేసు సంగీతం మొదలయ్యేదే మౌనంతో మరి. "బ్యాటరీ కాగాల గావాల్ల," అనుకుని ఇంటికొచ్చి పడుకున్నాడు.

పొద్దున కిటికీలో మిగిలిన కార్డు మీద బొట్టు చూసి ఓబుళేసు దాన్ని వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాడు. "ఇది నాయనది గదా!" అని అరిచాడు.

"నీదే లేప్పా. నేనే పెట్టినా బొట్టు," అంది పుష్పావతి పొయ్యి దగ్గర నుంచి. "నీ పనికి మాత్రం దేవుడు తోడుండద్దా?"

ఓబుళేసుకు కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత మంచి ఆడదాన్ని వరండాలో కూర్చోబెట్టానే అని మనసు చివుక్కుమంది. ఆ తడి కళ్లతోనే కార్డును జేబులో వేసుకున్నాడు. ఉరవకొండలో దాన్ని నెట్ సెంటర్ పిల్లకు ఇచ్చి, అందులో ఉన్న ఒక్క ఫైలునూ పంపించాడు. నెలలుగా విన్నదాన్ని మళ్లీ వినడమెందుకు? ఉగ్గాని బ్రహ్మాండంగా ఉంది. బజ్జీ ఇంకొకటి అడిగి తిన్నాడు.

తిరిగొచ్చేసరికి తమ చేలో జాతర కనిపించింది. సగం ఊరు అక్కడే ఉంది. ఎదురొచ్చిన పక్కచేను మారెప్ప కాలికి ఒకే చెప్పు ఉంది.

"యాడికి పోయినావప్పా? మీ బోరు మూలగతాండాది!" అన్నాడు. "తెల్లార్తో కరెంటొచ్చిందని మోటరు ఎయ్యను పోయినా. లోపల్నించి 'ఊఁ' అని ఒకటే మూలుగు. ఇంగో చెప్పు యాడ పడిందో ఏమో!"

మొదట దయ్యమన్నారట. మైకు పలకనే లేదని నమ్మిన కుళ్లాయప్పకు తన భూమిలో దయ్యమేమిటని రోషమొచ్చింది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని బోరు పాయింట్లు చూసే శ్రీరంగప్పను పిలిపించాడు. శ్రీరంగప్ప నేలకు చెవి ఆనించి, కళ్లు మూసి, "దయ్యం కాదు, గంగమ్మ. నీళ్లు పైకి రాను నొప్పులు పడతాండాది," అని తేల్చాడు. ఆడవాళ్లు పసుపు నీళ్లు తెచ్చారు. ఎవరో పొంగలికి పొయ్యి పెట్టారు. ఇంకెవరో పామిడిలో ఉన్న బోరు లారీకి ఫోన్ చేసేశారు.

ఓబుళేసు జనాన్ని తోసుకుని ముందుకు పోయాడు. మూలుగు విన్నాడు. నాలుగడుగుల దూరంలో అలాగే కొయ్యబారిపోయాడు.

అది తన సంగీతం! ఇప్పుడు గాలిమర వస్తుంది, అనుకున్నాడు. వచ్చింది. ఇప్పుడు మిల్లు గేటు. అదీ వచ్చింది. పైపులో నుంచి అది ఎంత లోతుగా, ఎంత భయంకరంగా ఉందో! తన గదిలో ఏనాడూ అంత బాగా వినపడలేదు. చుట్టూ ఊరి జనం కళ్లు మూసుకుని, చేతులు జోడించి, ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఇంతవరకు ఓబుళేసు సంగీతాన్ని చివరిదాకా విన్న మనిషి లేడు. వెంటనే ఆపేయాలని తెలుసు. కానీ ఇంత సభ మళ్లీ దొరుకుతుందా? ముక్క అయిపోయేదాకా కదల్లేదు. పుష్పావతి కూడా కళ్లు మూసుకుని ఉండటం చూసి వాడి ఒళ్లు పులకరించింది.

అప్పుడు తట్టింది. ఇది ఇక్కడుంటే, బెంగళూరుకు పోయిందేమిటి?

దూరంగా దుమ్ము లేపుకుంటూ బోరు లారీ వస్తోంది. ఇక దాచి లాభం లేదు. ఓబుళేసు గడ్డి లాగేసి, మైకు బటన్ నొక్కాడు. గంగమ్మ టక్కున ఆగిపోయింది. శ్రీరంగప్ప అరచేతిలోని టెంకాయ దొర్లి కిందపడింది.

"నాయనా, అది నీళ్లు కాదు. నా పాట. కార్డు మారిపోయిండాది," అన్నాడు తలవంచుకుని.

"నీ పాట పాడుగాను!" అన్నాడు కుళ్లాయప్ప. "ఊరంతా నీ ఎనుము కడుపునొప్పికి దండం పెట్న్యారా? మానం తీసేస్తివి గదరా!"

శ్రీరంగప్ప మాత్రం టెంకాయ ఏరుకుంటూ, "పాటైతే ఏమి, కింద నీళ్లున్యాయి గాబట్టే అట్ల పలికింది," అని గొణిగాడు. లారీ వాళ్లను వెనక్కి పంపారు. పొంగలి ఉడుకుతుండటం చూసి వాళ్లు వెంటనే పోలేదు.

పుష్పావతి దగ్గరికి వచ్చింది. "అయితే బెంగుళూరుకు మామ అరుపులు పోయినాయా?" అంది మెల్లగా. ఓబుళేసు తలూపాడు. గది పోయింది. ఆమె గెలిచినట్టు నవ్వలేదు. "నా బొట్టు వల్లనే గదా," అని నొచ్చుకుంది. దానికి ఓబుళేసుకు ఇంకా బాధేసింది.

అప్పుడే ఫోన్ మోగింది. బెంగళూరు కంపెనీలో పనిచేసే వంశీ. వాడి సొంతూరు కదిరే, యాసా మనదే. తిట్లు తినేదేదో అందరి ముందే తిందామని ఓబుళేసు స్పీకర్ పెట్టాడు.

"ఏమన్నా అది! ఎవురన్నా ఆ మనిషి?" అన్నాడు వంశీ. "ఆఫీసులో లైట్లార్పి విన్యాము. 'పిల్లల్ని గూడా పిలుచుకోనొచ్చినావా' అన్యప్పుడు మా మేనేజరు హెడ్‌ఫోన్లు పెరికేసినాడు. ఆయప్పకు తెలుగే రాదు! ఆ మధ్యలో ఏమో నముల్తాడే... ఏం నముల్తాండాడన్నా? ఎముకలా?"

"వక్క," అన్నాడు కుళ్లాయప్ప వెనక నుంచి.

వంశీ గొంతు తగ్గించాడు. "ఆయనేనా అది? ఆడే ఉండాడా? అన్నా, దీన్ని ఒప్పుకున్యాము. గేమంతా ఆ గొంతే కావాల. ఇంతకుముందు నువ్వు పంపినవి వింటే నిద్రొచ్చేదన్నా. ఏమీ అనుకోవద్దు."

నిద్రొచ్చేదన్న మాటకు మారెప్ప అడ్డుపడ్డాడు. "నిద్రా? రాత్రి పందులు దీని చప్పుడుకు ఈ చేను తొక్కనే లేదు. అన్నీ వచ్చి నా శెనక్కాయ మీద పడినాయి. ఓబుళేసూ, ఆ మూలుగు నాకూ ఒకటి ఎక్కిచ్చియ్యప్పా!" ఆ మాటతో ఇంకో నలుగురు రైతులు తమ ఫోన్లు చాచారు.

"గది నాదే!" అన్నాడు ఓబుళేసు ప్రాణం లేచొచ్చి. "ఒప్పుకున్యారు గదా!"

"ఒప్పుకునింది నిన్ను గాదు," అంది పుష్పావతి. "కాబట్టి నాదే."

"ఎట్లా? పంపింది నేను!"

కుళ్లాయప్ప గొంతు సవరించుకున్నాడు. ఇద్దరూ అటు తిరిగి చూశారు.

ఇప్పుడు ఆ ఊరి వేరుశనగ చేలన్నీ పొద్దుగూకితే ఓబుళేసు సంగీతమే వింటాయి. ఒక్క పంది రాదు. ఇంతకంటే పెద్ద మెప్పు ఏ విద్వాంసుడికి దక్కిందని ఓబుళేసు మనసారా సంతోషపడతాడు. పగలు గదిలో నాయనకు మైకు పట్టుకుంటాడు. ఓబుళేసు వైర్ల మూట అటక మీద ఉంది. పుష్పావతి కుట్టుమిషన్ వరండాలోనే ఉంది. గది కుళ్లాయప్పది, అందులో ఆయన గేము కోసం వక్క నమిలేటప్పుడు మాత్రం మిషన్ తొక్కకూడదు.