కుసుమకుమారి సాయం మానేసిన పూట

ఈ రోజు ఎవరికీ సాయం చెయ్యకూడదని కుసుమకుమారి యూసుఫ్‌గూడలో ఇంటికి తాళం వేస్తూనే గట్టిగా అనుకుంది. పంజాగుట్టలో మిక్సీలు, వాషింగ్ మెషీన్ల ఫిర్యాదులు వినే కాల్ సెంటర్‌లో ఆమెది తొమ్మిదేళ్ల ఉద్యోగం. కొత్తగా పెట్టిన సాఫ్ట్‌వేర్ ఫోన్‌లో మాట్లాడిన నిమిషాలనే పనిగా లెక్కిస్తుంది. పక్కవాళ్లకు నేర్పితే ఖాళీగా కూర్చున్నట్టే. అందరికీ నేర్పే ఈవిడ పేరు ఆ లెక్కల జాబితాలో రోజూ అట్టడుగునే. ఈ రోజే, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఎవరి పేరు ఆఖరున ఉంటే వాళ్ల ఉద్యోగం పోతుంది. మేనేజర్ చేత కూడా ఫోన్లు ఎత్తిస్తున్నారు కాబట్టి ఆయన పేరూ ఆ జాబితాలోనే.

తొమ్మిదిన్నరకు పక్క సీటు విజయేందర్ ఇటు వంగాడు.

"అక్కా, గీ కస్టమర్ మస్తు తిడుతుండు. ఏం చెప్పాల్నో జర చెప్పు."

కుసుమకుమారి ప్రాణం ఉసూరుమంది. అయినా తల తిప్పకుండా ఇంకో కాల్ తీసుకుంది.

విజయేందర్ బెంబేలెత్తి మంజూష దగ్గరికి పరుగెత్తాడు. "అక్క నాతోని మాట్లాడుతలేదు. నేనేం చేసిన్నో ఏమో!"

"కోపం కాదండీ, ఉద్యోగం పోతుందని బెంగ" అంది మంజూష.

ఆ మాట వరుస చివరికి చేరేసరికి కుసుమకుమారి రాజీనామా చేసేసింది. మేనేజర్ రాఘవేందర్ మనసు చివుక్కుమంది. "సన్మానం లేకుండ పంపుతమా? శాలువా నేనే తెస్త" అని అమీర్‌పేట బయల్దేరి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. మిగతావాళ్లు ఫోన్లు వదిలేసి పూలు కట్టారు, కుర్చీలు జరిపారు, ఉపన్యాసాలు రాసుకున్నారు. వాళ్లు ఎత్తని కాల్స్ అన్నీ కుసుమకుమారికే వచ్చిపడ్డాయి. వెనక్కి తిరిగి చూసే తీరిక కూడా లేకపోయింది.

పన్నెండుకు రెండు నిమిషాలుండగా రాఘవేందర్ వచ్చి కుసుమకుమారి భుజాల మీద శాలువా కప్పాడు. ఆమె ఉలిక్కిపడింది.

"ఏంటి సార్ ఇది?"

"మీరు రాజీనామా ఇచ్చిండ్రు గదా!"

"నేనెప్పుడిచ్చాను?"

అంతలో గోడ మీది తెరపై జాబితా వెలిగింది. మొదటి పేరు కుసుమకుమారి. విజయేందర్ ఈల వేశాడు, ఆఫీసంతా చప్పట్లు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. జాబితా చివర మాత్రం రాఘవేందర్ పేరుంది.

"అయ్యో, నా కోసం వెళ్లి బలైపోయారు! కూర్చోండి సార్. హెడ్డాఫీసుకు ఏం రాయాలో నేను చెబుతాను" అంది కుసుమకుమారి.

ఆ ఉత్తరం అందాక సాయంత్రానికల్లా ఆ జాబితా రద్దయింది, అందరి ఉద్యోగాలూ నిలిచాయి. యంత్రం మనుషులకు మార్కులు వెయ్యడం ఎంత అన్యాయమో రాఘవేందర్ రెండు పేజీలు ధారాళంగా రాయగలడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.