ఏడింటి ఆపద

సైరన్ మోగింది. అత్యవసర పరిస్థితి ఎప్పటిలాగే సాయంత్రం ఏడింటికి, ఎవరినీ ఎదురుచూడనివ్వకుండా వచ్చేసింది.

లోడు పెరిగిపోతోంది, బాయిలర్ లేపమని సబ్‌స్టేషన్ నుంచి ఫోను. షిఫ్టు ఇన్‌ఛార్జి మంట పెంచమని సైగ చేశాడు. ఆ మంట తన ఉద్యోగం కిందే పెడుతున్నానని అతనికి తెలుసు.

భూగోళాన్ని రక్షించడం కోసం పెద్దలు ఆ బొగ్గు కరెంటు కేంద్రానికి విశ్రాంతి ప్రకటించారు. ఇకపై ఆపద వేళల్లో మాత్రమే పొగ వదలాలి. పొగగొట్టానికి ఆకుపచ్చ రంగు వేశారు. దానివల్ల పొగ కూడా సగం పచ్చబడిందని ప్రారంభసభలో ఒక వక్త కనిపెట్టాడు. బొగ్గుకుప్ప చుట్టూ పూలకుండీలు పెట్టారు. ఏడాదికి మంజూరైన ఆపదలన్నీ మాత్రం వేసవి మొదటి నెలలోనే ఖర్చయిపోయాయి.

దాంతో విచారణాధికారి దిగాడు. ఊరి కరెంటు తాగేస్తున్న ద్రోహి ఎవరో ఈ సాయంత్రమే చెప్పకపోతే ఇన్‌ఛార్జి పేరే రాసుకుపోతానని హెచ్చరించి, అతిథిగృహంలో తలుపులు బిడాయించుకున్నాడు.

ఇన్‌ఛార్జి సబ్‌స్టేషన్ మిత్రుణ్ణి బతిమాలి లైన్లు ఒక్కొక్కటే కాసేపు తీయించాడు. బజారు లైను తీశారు. మీటరు ముల్లు కదల్లేదు. ఫ్యాక్టరీ తీశారు. ముల్లు కాస్త ఒళ్లు విరుచుకుని ఊరుకుంది. స్టాఫ్ కాలనీ, అతిథిగృహం, వెనక వీధుల ఇళ్లు తీశారు. ముల్లు దబ్బున పడిపోయింది. ఇక బాయిలర్‌తో పనే లేదు.

ద్రోహి ఎక్కడున్నాడో తేలింది. ఎవరో తేల్చడానికన్నట్టు ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, ఏసీ ఆగిపోయింది. ఇప్పుడే పద్దెనిమిదిలో పెట్టుకుని రెండేసి దుప్పట్లు కప్పుకున్నాం. ఉడికి చస్తున్నాం. కరెంటాఫీసరు పెళ్లాన్నని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. పక్కింటి వదిన మూడు కప్పుకుందట, పాపం."

ఫోను పెట్టేలోపే కంట్రోల్ రూమ్ తలుపు తోసుకుని విచారణాధికారి వచ్చాడు. మెడదాకా ఉన్నిదుప్పటి. మొహం నిండా చెమట.

"దొరికాడా?"

"దొరికాడు సార్."

"మరి పేరు చెప్పవేంటయ్యా?"

గదిలో అందరూ దుప్పటి వైపు చూశారు. ఇన్‌ఛార్జీ చూశాడు. ఉద్యోగం, క్వార్టరు, ఆ క్వార్టర్లో దుప్పట్ల కింద ఉన్న సంసారం కళ్లముందు మెదిలాయి. గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా చెప్పాడు.

"చలి, సార్."

అధికారి దుప్పటి బిగించుకుని తలాడించాడు.

"నాకు మొదట్నుంచీ దానిమీదే అనుమానం."