వంద కడుపులు కావలెను

ఒక పెద్ద అడవిలో, జంతువుల కంటే కమిటీలే ఎక్కువగా తిరిగే చోట, ఒక సంస్థ ఉండేది. పేరు, ఉదర క్యాన్సర్ కారణాల, చికిత్సల సమగ్ర పరిశోధనా సంస్థ. బోర్డు చదవడం పూర్తయ్యేలోపే సగం మంది రోగులు విసుగెత్తి ఇంటికెళ్ళిపోయేవారు.

డైరెక్టరు ముంగిస నకులేశ్వరరావు. మెడలో ఎప్పుడూ ఏదో ఒక సన్మానపు దండ. ఏటా సదస్సు పెట్టి, పొద్దున్నంతా కడుపు క్యాన్సర్ ఎందుకొస్తుందని చర్చించి, మధ్యాహ్నం పొగబెట్టిన ఉప్పుచేపలు గిన్నెలకొద్దీ లాగించేవాడు. సాయంత్రం తీర్మానం ఒక్కటే: "మరింత పరిశోధన అవసరం."

ఆ చేపలకి పొగబెట్టేది క్యాంటీన్ ఎలుగుబంటి బాలనర్సు. ఉప్పు సరిపోయిందో లేదో చూడాలి కదా, రోజూ పళ్ళెం నిండా రుచి చూసేవాడు. ఒకరోజు కడుపు పట్టుకుని కూలబడ్డాడు.

పరీక్ష చేసేది డాక్టర్ హరితవేణి, సన్నటి పసిరిక పాము. తలమీద మిణుగురుని కూర్చోబెట్టుకుని, రోగి నోట్లోంచి నేరుగా కడుపులోకి దిగి చూసొస్తుంది. అలాగే చూసొచ్చింది.

"క్యాన్సర్ గడ్డే. ఇంకా చిన్నది. ఇప్పుడే కొరికి తీసేస్తే బతుకుతాడు. ఆలస్యమైతే ఇక నా చేతుల్లో లేదు" అంది.

"మీకు చేతుల్లేవు కదండీ" అంది మిణుగురు.

"నువ్వు నోర్మూసుకుని వెలుగు!"

డైరెక్టరు ఒప్పుకుంటేనా! "కారణం తేలకుండా చికిత్సేమిటమ్మా? రూలొకటి ఏడ్చింది కదా?"

"నా అనుమానమంతా మన ఉప్పుచేప మీదే సార్. లోపలి పొర ఒరుసుకుపోయి ఉంది."

నకులేశ్వరరావు మెడలో దండ తడుముకున్నాడు. ఉప్పుచేప అని తేలితే సదస్సులో భోజనం పోతుంది. భోజనం లేని సదస్సుకి ఎవడొస్తాడు? ఎవడూ రాకపోతే దండ ఎవడు వేస్తాడు?

"ఒక్క కడుపు చూసి చెప్పేస్తామా? వంద కడుపులు చూడాలి. అప్పటిదాకా ఎవరూ ఎవరి కడుపులోనూ దూరడానికి వీల్లేదు" అని గద్దించాడు.

బాలనర్సు మూలుగుతూనే అన్నాడు: "సారూ, బర్రెకు నాలుగు కడుపులుంటయంట గదా. పాతిక బర్లను పిలిస్తే వందాయె."

"తలకి ఒక్క కడుపే లెక్క!" అన్నాడు నకులేశ్వరరావు.

పాపం బాలనర్సు! చింతచెట్టు కింద పడుకుని రోజురోజుకీ చిక్కిపోయాడు. "నా పిల్లలకు తేనెపట్టు దించుడన్నా నేర్పకపోతి" అని ఏడ్చేవాడు. చెబుతుంటే నాకే కడుపు తరుక్కుపోతోంది. ఆ ముంగిసని దండతో సహా ఏట్లో ముంచాలనిపిస్తుంది.

ఇంతలో మళ్ళీ సదస్సు వచ్చింది. బాలనర్సు అంతకుముందే పొగబెట్టి ఉంచిన ఉప్పుచేపలు లాగిస్తూ, మూడో గిన్నె దగ్గర నకులేశ్వరరావు "అమ్మోయ్!" అని మెలికలు తిరిగిపోయాడు.

"డాక్టరమ్మా! రూలు రద్దు! కారణం ఉప్పుచేపే, నాకెప్పుడో తెలుసు! బర్రెకి నాలుగు కడుపులు లెక్కపెట్టుకోండి, కావాలంటే ఐదు! కారణం తేలింది, చికిత్స మొదలెట్టండి!"

కమిటీ అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టి, రూలు కొట్టేసింది.

రద్దు అనే మాట పూర్తిగా వినకుండానే హరితవేణి చింతచెట్టు దగ్గరికి పాకి, బాలనర్సు నోట్లోకి దూరింది. కాసేపటికి గడ్డతో బయటికొచ్చింది. బాలనర్సు మెల్లగా లేచి కూర్చుని, "ఆకలైతుంది" అన్నాడు. ఆ మాటకి అక్కడున్నవాళ్ళందరికీ కళ్ళు చెమర్చాయి.

"చేపలు తప్ప ఏమన్నా తిను" అంది డాక్టరు.

"ఇక నన్ను చూడు, త్వరగా!" అంటూ నకులేశ్వరరావు నోరు బార్లా తెరిచాడు. కోరలు తళతళలాడాయి. మిణుగురు టప్పున ఆరిపోయింది.

హరితవేణి వెనక్కి వెనక్కి జరిగింది. "సార్, ముంగిస నోట్లోకి వెళ్ళి తిరిగొచ్చిన పాము ఇంతవరకు ఒక్కటైనా ఉందా?"

"నిన్ను తినను తల్లీ! మా అమ్మ మీద ఒట్టు!"

"ఒక్క ముంగిస ఒట్టేస్తే తేల్చేస్తామా సార్? వంద ముంగిసలు కావాలి" అంది హరితవేణి వినయంగా. "మరింత పరిశోధన అవసరం."

నీతి: ఏ జబ్బుకైనా కారణం త్వరగా తేలాలంటే, ఆ జబ్బు డైరెక్టరుగారికి రావాలి.