గడియారానికి తగలని బంతి

మరుపు దేవుడిచ్చిన వరం. జ్ఞాపకం మాత్రం బేస్‌బాల్ జట్టు యాజమాన్యం ఇవ్వవలసిందే, అందుకు సకాలంలో దరఖాస్తు పెట్టుకోవాలి.

ఒహాయోలోని హార్లన్ ఫాల్స్ పట్టణానికి హెరన్స్ అనే జట్టు ఉంది. డెబ్బై అయిదేళ్ల చరిత్రలో అది ఛాంపియన్ అయింది ఒకే ఒక్కసారి. 1979 సెప్టెంబరులో, జల్లు పడుతున్న ఒక మంగళవారం మధ్యాహ్నం, బడ్ లాఫర్టీ అనే భారీకాయుడు చివరి ఇన్నింగ్స్‌లో కొట్టిన హోమ్ రన్‌తో. (మిగతా సీజన్లలో చెప్పుకోదగ్గవి ఏమీ లేవని కాదు. 1986లో మైదానంలోకి ఒక ఉడుత దూరింది. ఆ ఏడాది హెరన్స్ వైపున నిజంగా పరిగెత్తింది అదొక్కటే.) ఆ మంగళవారం అమ్ముడైన టికెట్లు వెయ్యిన్నూట నలభై మూడు.

ఈ శరదృతువులో పాత చెక్క స్టాండును కూల్చేయబోతూ, ఆ రోజు హాజరైన ప్రతి ఒక్కరికీ తాము కూర్చున్న కుర్చీనే విప్పి ఇస్తామని యాజమాన్యం ప్రకటించింది. పదిరోజుల్లో నలభై ఒక్క వేల మూడువందల పంతొమ్మిది మంది దరఖాస్తు పెట్టారు. పట్టణ జనాభా పద్దెనిమిది వేలు. ఇలాంటి చోట మామూలు మనుషులైతే తల పట్టుకుంటారు. యాజమాన్యం కంగారుపడకుండా ఒక కార్యాలయం పెట్టింది. దాని పేరు సామూహిక జ్ఞాపకాల ధ్రువీకరణ విభాగం.

వెర్నా ప్రుషాక్ చిట్టచివరి దరఖాస్తుదారు. వయసు డెబ్బై నాలుగు. ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపిన మనిషి కాబట్టి ఎవరు అబద్ధమాడుతున్నారో అద్దంలో చూసి చెప్పేయగలదు. తాను నిజంగా చూసిన ఆటకి దరఖాస్తు ఎందుకు పెట్టాలో అర్థంకాక చివరిరోజు దాకా ఆగింది. ఆవిడ దగ్గర ఆ రోజు స్కోరు కార్డు ఉంది. ఏ బంతికి ఏం జరిగిందో ప్రేక్షకులు తమకు తామే పెన్సిల్‌తో గళ్లలో రాసుకోవడం ఆ ఆటలో పాత అలవాటు. వెర్నా ఒక్క బంతి కూడా వదలకుండా రాసేది. భర్త లియో ఒక్క బంతి కూడా రాయకుండా పక్కన కూర్చుని హాట్‌డాగ్ తినేవాడు.

ఆరో విభాగం, పదకొండో వరస, నాలుగో కుర్చీ వెర్నాది. పక్క కుర్చీలోంచి లియో ఏళ్ల తరబడి మోచెయ్యి ఆనించి ఆనించి దాని చెక్క చేతిమీద చిన్న గుంట పెట్టాడు. అతను పోయి మూడేళ్లయింది. ఆ కుర్చీ తెచ్చుకుని వంటింటి కిటికీ పక్కన వేసుకోవాలన్నది వెర్నా కోరిక. అంతకుమించి ఆవిడకి ఈ లోకంతో పేచీ లేదు.

చిక్కల్లా ఫారంలోని తొమ్మిదో ప్రశ్న దగ్గర వచ్చింది. "బంతి గోడ దాటి గడియారానికి తగిలి, గడియారం నాలుగూ పదిహేడుకి ఆగిపోయినప్పుడు మీరు ఏం చేస్తున్నారు? (అ) ఏడుస్తున్నాను. (ఆ) ముక్కూమొహం తెలియనివారిని కౌగిలించుకున్నాను. (ఇ) రెండూ."

బంతి గడియారానికి తగల్లేదు. అసలు గోడే దాటలేదు. (గడియారం 1977లోనే ఆగిపోయింది. దాని మరమ్మతు గురించి నగర మండలి ఇంకా ఆలోచిస్తోంది.) తడిగడ్డి మీద దొర్లుకుంటూ పోయి, వానకు మైదానం మీద కప్పే పట్టా చుట్ట ఒకటి గోడవారగా ఉంటే, అందులో దూరింది. అవతలి జట్టు ఆటగాడు చెయ్యి పెట్టి వెతికాడు. మొదట ఒక గొడుగు వచ్చింది. తరవాత ఒక బూటు వచ్చింది. ఈలోగా బడ్ లాఫర్టీ ఆయాసపడుతూ నాలుగు బేసులూ చుట్టి, బయల్దేరిన చోటికే చేరి హోమ్ రన్ పూర్తిచేశాడు. వెర్నా కార్డులో ఆ గడి పక్కన చిన్న అక్షరాలతో "పట్టాలో. గొడుగు. బూటు." అని రాసి ఉంది.

ఆ రోజు కెమెరా వానకి తడిసి మూలన పడింది. పన్నెండేళ్ల తరవాత జట్టువారు ఎండ బాగా ఉన్న రోజు చూసుకుని నటులతో ఆ ఘట్టాన్ని మళ్లీ తీయించారు. ఏటా పెద్ద తెర మీద దాన్నే వేస్తారు. పట్టణమంతటికీ గుర్తున్నది ఆ ఎండే.

మరిది గస్ వచ్చి టేబుల్ ముందు చతికిలబడి, వెర్నా కాల్చిన 'ఆపిల్ పై' అనే తీపి వంటకాన్ని సగం ఖాళీ చేశాక సలహా మొదలుపెట్టాడు.

"వదినా, 'ఇ' మీద టిక్కు కొట్టి పడెయ్యి. నాకు మొన్ననే పత్రం వచ్చేసింది."

"నీకా! అప్పుడు నువ్వు నేవీలో, నడిసముద్రంలో ఓడ మీద ఉన్నావు కదరా?"

"ఒళ్లు ఓడలోనే ఉంది. మనసు మాత్రం ఇక్కడే. ఫారం రెండో పేజీలో దానికి వేరే గడి ఉంది, చూసుకోలేదా?"

"సిగ్గులేదూ?"

"సిగ్గుకి గడి లేదు వదినా."

తొమ్మిదో ప్రశ్న ఖాళీగా వదిలేసిన వెర్నాని ఇంటర్వ్యూకి పిలిచిన అధికారి ట్రెంట్ ఆల్డ్రిడ్జ్, ఉప జ్ఞాపకాధికారి. మర్యాదస్తుడు, పుట్టింది 1996లో. అతని వెనక గోడమీద వేలాడుతున్న హాజరు పత్రం కూడా అతనిదే. (వారసత్వ జ్ఞాపకం, నిబంధన పన్నెండు.) వెర్నా స్కోరు కార్డుని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురులో తిప్పి చూశాడు.

"పెన్సిల్‌తో రాసింది కదా మేడమ్. పెన్సిల్ రాతని చెరిపేసి మార్చెయ్యొచ్చు."

"చెరపలేదుగా!"

"చెరపలేదని ఏదైనా పత్రం ఉందాండీ?"

"అబ్బాయ్, ఆ రోజు వాన. నువ్వు చూపించే సినిమాలో అందరూ నల్లకళ్లద్దాలు పెట్టుకున్నారు. అదన్నా ఆలోచించావా?"

"వాన అన్నవాళ్లు మీరొక్కరే. నలభై ఒక్క వేల మంది ఎండ అంటున్నారు. మేడమ్, మీరు నిజంగానే వచ్చారని నాకు తెలుసు. మీ ఒక్కరి దగ్గరే కార్డుంది. అసలు ఇబ్బందే అది." ట్రెంట్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మైదానం ముందు గడియారం విగ్రహం పెడుతున్నారు. బంతితో సహా. ఒక్క టిక్కు పెట్టండి. కుర్చీని నేనే మోసుకొచ్చి మీ కారులో పెడతాను."

పెన్ను కూడా చేతికిచ్చాడు. వెర్నా తీసుకుంది. నిజానికి మొన మోపింది కూడా. పోయిన మనిషి మోచెయ్యి ఆనిన చెక్క అది. దానికోసం ఒక టిక్కు పెడితే నెత్తిన పిడుగేం పడదు. లియో అక్కడే ఉంటే, "పెట్టెయ్యవే, ఆకలేస్తోంది" అనేవాడు.

లియో గొంతు అలా చెవిలో పడగానే ఆవిడకి ఆ రోజు అతను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. గొడుగు వచ్చినప్పుడు మొదలై, బూటు వచ్చేసరికి హాట్‌డాగ్ గొంతుకి అడ్డంపడి, ఆవిడ వీపు మీద గుద్దితేగానీ ఊపిరి ఆడని నవ్వు. నలభై నాలుగేళ్ల కాపురంలో అతను అలా నవ్వడం మళ్లీ చూడలేదు.

"బంతి గడియారానికి తగిలిందంటే, మా ఆయన దేనికి నవ్వినట్టు?" అంది వెర్నా.

ట్రెంట్ ఫారం ముందుకీ వెనక్కీ తిప్పాడు. "నవ్వుకి గడి లేదండీ."

"అయితే కుర్చీ మీరే ఉంచుకోండి."

పెన్ను బల్లమీద పెట్టి, కార్డుని సంచిలో దాచుకుని లేచింది. పార్కింగులో కారెక్కాక స్టీరింగు పట్టుకుని కాసేపు ఏడ్చింది. తరవాత బూటు గుర్తొచ్చి నవ్వుకుంది కూడా.

అక్టోబరులో కుర్చీల పంపకం ఘనంగా జరిగింది. స్టాండులో ఉన్నవి అయిదువేల రెండువందలే కావడంతో మిగతావి కొత్తగా చేయించి, ఇసుక కాగితంతో రుద్ది పాతవి చేశారు. ఆరో విభాగం పదకొండో వరస నాలుగో కుర్చీ లాటరీలో, ఆ రోజు మనసు మాత్రమే హాజరైన ఒక పళ్ల డాక్టరుకి దక్కింది.

అదే వేదిక మీద ధ్రువీకరణ విభాగం తన నివేదిక చదివింది. వచ్చిన దరఖాస్తులు నలభై ఒక్క వేల మూడువందల పంతొమ్మిది. అందులో ఆ రోజు స్టేడియంలో లేకుండానే ఉన్నానని చెప్పుకున్న ఒకే ఒక్క వ్యక్తిని కనిపెట్టి తిరస్కరించామనీ, పరిశీలన ఎంత నిక్కచ్చిగా సాగిందో చెప్పడానికి అదొక్కటే చాలుననీ ప్రకటించింది.