మాతృనౌక ఎండేదాకా

వాగు అవతలి తండా గర్భిణులు ఇకమీదట వాగు దాటడానికి మంచం ఎక్కరనీ, ‘మాతృనౌక’ ఎక్కుతారనీ మంత్రిగారు ఖమ్మం సభలో ప్రకటించారు. ఆ మాట టీవీలో విని, వాగు ఒడ్డు దవాఖానాలో పనిచేసే నర్సు ఫ్లోరెన్స్ కూడా నిజంగానే సంతోషించింది. ఫైబర్ పడవకు రెండువైపులా మంత్రిగారి ఫొటోలు అంటించి, లారీ మీద ఊరేగింపుగా పంపారు. దారి పొడవునా కార్యకర్తలు అందులోనే నిలబడి డీజేకు ఎగిరారు. నీళ్ళ మొహం చూడకముందే పడవ అడుగు పగిలింది.

పడవ బాధ్యత చూసే ఇంజనీరు, డీఈ శాంతికుమార్ గారు కంగారుపడే మనిషి కాదు. “ఎపాక్సీ బంక,” అన్నారు. రెండు డబ్బాలు తెప్పించి, కలిపించి, పగులు మీద పూయించారు. ముసురు పట్టి ఉంది, అడవి గాలి చల్లగా కొడుతోంది. బంక గట్టిపడితేనా? వేలు పెడితే తీగలుగా సాగింది, పైన తెల్లటి జిడ్డు పొర కట్టింది. గీకించి మళ్ళీ పూయించారు. మళ్ళీ అదే వరస. అప్పుడు డబ్బా మీద చదివారు. వెచ్చగా, పొడిగా ఉండాలట. తెల్లారితే ప్రారంభోత్సవం. మంట పెడదామంటే మంత్రిగారి ఫొటోకు పొగ పడుతుంది. అంతటి కష్టంలోనూ ఆయన బుర్ర పాదరసంలా పనిచేసింది. నేరుగా దవాఖానాకు వచ్చారు.

ఫ్లోరెన్స్ తలుపుకు అడ్డం నిలబడింది.

“సార్, అది పుట్టిన పిల్లలను వెచ్చగ ఉంచే వార్మర్. ఉన్నదే ఒక్కటి.”

“పడవ ఎవరికోసమమ్మా? తల్లుల కోసమే కదా.”

“ఎవరన్న కాన్పుకు వస్తే?”

“పడవ ఎండకుండ ఎట్ల వస్తరు?”

ఈ లాజిక్ ముందు ఆమె తలుపు వదిలి పక్కకు జరిగింది. వార్మర్ ఒడ్డున వేసిన ప్రారంభోత్సవం టెంటులోకి వెళ్ళి పడవను కాచసాగింది.

పొద్దున్నే తండా నుంచి చాంది నొప్పులతో వచ్చింది. పడవ లేకుండా ఎలా వచ్చిందంటే, ఎప్పటిలాగే. మొగుడు హాతీరాం ట్రాక్టర్ ట్యూబు మీద మంచం కట్టి, వాగు ఈదుతూ తోసుకొచ్చాడు. పాప పుట్టింది. బొత్తిగా చిన్న పిల్ల. ఏడ్చింది గానీ కాళ్ళూ చేతులూ చల్లబడుతున్నాయి. ఫ్లోరెన్స్‌కు భయం, కోపం ఒక్కసారే వచ్చాయి. పాపను గుడ్డల్లో చుట్టి, గుండెకు హత్తుకుని టెంటుకు పరుగెత్తింది. వెనకాలే హాతీరాం.

“వార్మర్ ఇటు తిప్పండి సార్.”

“ఒక్క గంట ఆగరాదమ్మా. ఇప్పుడిప్పుడే పట్టుకుంటున్నది.”

“పిల్ల సల్లబడుతున్నది సార్.”

ఆయన బంకను ముట్టుకుని చూస్తున్నారు. ఫ్లోరెన్స్ అడగడం మానేసి, పడవలో పొడిగా ఉన్న చివర పాపను పడుకోబెట్టి, వార్మర్ తనే తిప్పేసింది. కాసేపటికి పాప పాదాలు ఎర్రబడ్డాయి. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడే సైరన్ వినిపించింది.

మంత్రిగారు పడవలోకి చూసి కరిగిపోయారు. “మొదటి లబ్ధిదారు. తల్లి మన పడవలోనే వచ్చిందా?”

“అవ్ సార్,” అన్నారు డీఈ.

భుజాన ట్యూబుతో, తడిసిన లుంగీతో నిలబడ్డ హాతీరాం ఫొటోకు అడ్డమని కార్యకర్తలు అతన్ని పక్కకు నెట్టారు. స్వాగత ద్వారం మేకు ట్యూబులో దిగి, గాలి బుస్సుమంది. రిబ్బన్ కత్తిరించాక మంత్రిగారు పడవను నీళ్ళలోకి దించమన్నారు.

“పాప నిద్రపోతున్నది సార్,” అన్నారు డీఈ.

ఆ సున్నితత్వానికి మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. అక్కడికక్కడే డీఈ గారికి శాలువా కప్పి వెళ్ళిపోయారు. వార్మర్‌ను ఫ్లోరెన్స్ తనే తోసుకుంటూ దవాఖానాకు తెచ్చుకుంది.

చాందిని ఇంటికి పంపే రోజుకూ ముసురు తగ్గలేదు. పడవ దండలతో ఒడ్డునే ఉంది. పాపను పట్టుకుని ఫ్లోరెన్స్ కూడా అక్కడిదాకా వచ్చింది. హాతీరాం డీఈ గారి ముందు చేతులు కట్టుకున్నాడు.

“సార్, ఆ బంక మిగిలితే ఇంత ఇయ్యుండ్రి. ట్యూబుకు పూసుకుంట. పిల్లతల్లిని దాటియ్యాలె.”

డీఈ గారు శాలువా సర్దుకుని, జాలిగా ఆకాశం వైపు చూశారు.

“ఈ ముసురుల అదెక్కడ అతుకుతది హాతీరాం? ఎవరు చెప్పిండ్రు నీకు?”